పాత కాంపాక్ ల్యాప్‌టాప్‌కి బయోస్ పాస్‌వర్డ్ – నాన్న రాసుకున్న చెరువుల లెక్కలు లోపలే ఉండిపోయాయి

చెరువుగట్టు_విడవలూరు

అందరికీ నమస్కారం. మాది విడవలూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు మాకు. నాన్న 2009లో కొన్న కాంపాక్ ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. టైగర్ రొయ్య వేసిన రోజుల నుంచి వనామీకి మారిన తర్వాత కొన్నేళ్ల దాకా లెక్కలన్నీ అందులోనే రాశారు. సీడు ఎక్కణ్ణుంచి తెచ్చారు, మేత ఎన్ని బస్తాలు పడింది, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, పట్టుబడికి కేజీకి ఎన్ని రొయ్యలన్న కౌంటు ఎంత వచ్చింది, పెదనాన్నతో కలిసి లీజుకు తీసుకున్న చెరువుల్లో ఎవరి వాటా ఎంత, అన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. కొంత టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

ఇప్పుడు ఆ లీజు లెక్కలు తేల్చుకోవాల్సి వచ్చింది. నాన్న, పెదనాన్న మంచిగానే ఉన్నారు, గొడవేం లేదు. అయినా కాగితం మీద పడితే ఇద్దరికీ మనసు కుదుటపడుతుంది. బీరువా మీద నుంచి ల్యాప్‌టాప్ దించి ఛార్జర్ పెడితే ఆన్ అయింది. ముందు తేదీ, టైము సరిగా లేవని ఏదో మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత విండోస్ ఎక్స్‌పీ గుర్తు కనబడీ కనబడకముందే నీలం తెర పడి, మళ్లీ మొదటికొస్తోంది. ఎఫ్10 నొక్కి బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) సెట్టింగుల్లోకి పోదామంటే పాస్‌వర్డ్ అడుగుతోంది. అప్పట్లో ఎక్స్‌పీ ఎక్కించిన అబ్బాయి పెట్టిందట. అతను కువైట్ వెళ్లిపోయాడు, నంబరు ఎవరి దగ్గరా లేదు. మూడుసార్లు తప్పు కొడితే 'సిస్టమ్ డిజేబుల్డ్' అని, కింద ఐదంకెల నంబరు చూపించి ఆగిపోతోంది.

టౌన్లో ఒక షాపులో చూపించాం. మదర్‌బోర్డు మార్చాలి, లేకపోతే ఫార్మాట్ చెయ్యాలి, డేటా మీద ఆశ పెట్టుకోవద్దు అన్నారు. నాన్న అప్పట్నుంచి అన్నం కూడా సరిగా తినట్లేదు. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

పొదిలి_నెట్‌సెంటర్

లోపల రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది బ్రో. అది పీకి ఒక రాత్రి పక్కన పెట్టు. పొద్దున్నే పెడితే పాస్‌వర్డ్ పోయుంటుంది. మా సెంటర్లో డెస్క్‌టాప్‌లన్నిటికీ నేనట్టాగే చేస్తా.

స్క్రూడ్రైవర్_నెల్లూరు

ఆగబ్బయా ఆగు. ముందు ఎవురూ ఏదీ పీకొద్దు.

పొదిలి తమ్ముడు చెప్పింది డెస్క్‌టాప్‌కి కరెక్టే. పాత డెస్క్‌టాప్ బోర్డుల్లో పాస్‌వర్డ్ సీమాస్ మెమరీలో ఉంటది. దానికి ప్రాణం ఆ సీఆర్2032 సెల్లే. మూడు వోల్టుల సెల్లు తీసినా, పక్కనున్న జంపర్ మార్చినా పాస్‌వర్డ్ పోద్ది. ల్యాప్‌టాప్ కథ వేరే. 1990ల చివర నుంచే చాలా కంపెనీలు ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్‌ని కరెంటు లేకపోయినా చెరిగిపోని చిప్పులో పెట్టడం మొదలుపెట్టినాయి. ఈఈప్రామ్ అంటారు, లేదా బయోస్ ఉండే ఫ్లాష్ చిప్పులోనే ఒక మూల రాస్తారు. సెల్లు రాత్రి కాదు, ఏడాది తీసిపెట్టినా అది కదలదు.

ఇంకో సంగతి. విడవలూరు తమ్ముడి మెషీన్లో ఆ సెల్లు ఇప్పటికే చచ్చిపోయుండాది. తేదీ తప్పు అని వచ్చిందంటే అర్థం అదే. సెల్లు పోయినా పాస్‌వర్డ్ అడుగుతానే ఉంది గదా, ఇంక దాన్ని పీకి ప్రయోజనమేముంది?

తమ్ముడూ, నువ్వు రెండు విషయాలు చెప్పు. ఆన్ చెయ్యంగానే పాస్‌వర్డ్ అడుగుతోందా, ఎఫ్10 నొక్కితేనే అడుగుతోందా? నీలం తెర మీద కింద ఒక పొడుగు కోడ్ ఉంటది, దాని చివర ఏముంది?

చెరువుగట్టు_విడవలూరు

ఎఫ్10 నొక్కితేనే అన్నా. నొక్కకపోతే నేరుగా విండోస్ దాకా పోతుంది. నీలం తెర రెప్పపాటులో పోతోంది, ఫోన్లో వీడియో తీసి ఆపి చూశా. సున్నాలన్నీ పోగా చివర 7బీ అని ఉంది. డిజేబుల్డ్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు ఫోటోలు పెడుతున్నా.

కావలి_టు_చెన్నై

తమ్ముడూ, ముందు ఆ స్టిక్కరు ఫోటో తీసెయ్. సీరియల్ నంబరు నలుగురూ చూసే చోట పెట్టకూడదు. కంపెనీ సపోర్టు వాళ్లు ఆ నంబరు పట్టుకునే మెషీన్ ఎవరిదో గుర్తిస్తారు. ఐదంకెల కోడ్ ఒక్కటి ఉంటే ఫర్వాలేదు.

7బీ అన్నావు చూడు, అసలు సంగతంతా అక్కడే ఉంది. నేను చేసేది ఫర్మ్‌వేర్ పని కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను, ఓపికగా చదువు.

7బీ అంటే విండోస్ తను కూర్చున్న డిస్కుని తనే చూడలేకపోతోందని. డిస్కు పాడై ఉండొచ్చు. కానీ గుర్తు కనబడేదాకా వస్తోందంటే డిస్కు తిరుగుతోంది, చదవగలుగుతోంది. నీ విషయంలో నాకు తోస్తున్నది వేరే. 2009లో ఇలాంటి ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా విస్టాతో వచ్చేవి. జనానికి విస్టా నచ్చక ఎక్స్‌పీ వేయించుకునేవాళ్లు. ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్, అంటే డిస్కుతో కొత్త పద్ధతిలో మాట్లాడే ప్రోగ్రాం, ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో అందించాలి. ల్యాప్‌టాప్‌లో ఫ్లాపీ ఎక్కడిది? అందుకని చాలామంది బయోస్‌లోకి పోయి ఆ కొత్త పద్ధతి నడిపే 'సాటా నేటివ్ మోడ్' అనేదాన్ని డిజేబుల్ చేసి, పాత ఐడీఈ పద్ధతిలో ఎక్స్‌పీ ఎక్కించేవాళ్లు. మీ కువైట్ అబ్బాయి కూడా అదే చేసుంటాడు. ఆ సెట్టింగు ఎవరూ కదపకుండా పాస్‌వర్డ్ పెట్టేసుంటాడు.

ఇప్పుడు సెల్లు చచ్చింది. సెట్టింగులన్నీ కంపెనీ పెట్టిన మొదటి స్థితికి పోయాయి, నేటివ్ మోడ్ మళ్లీ ఎనేబుల్ అయింది. ఎక్స్‌పీకి ఆ భాష రాదు, నీలం తెర పడుతోంది. సెట్టింగు చెరిగిపోయింది కానీ పాస్‌వర్డ్ వేరే చిప్పులో ఉంది గనక అలాగే ఉంది. ఇదే నిజమైతే మీ నాన్నగారి లెక్కలకి ఏమీ కాలేదు. డిస్కు మీద ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

స్క్రూడ్రైవర్_నెల్లూరు

కావలి అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఎక్స్‌పీ రోజుల్లో నేనే ఎన్ని మెషీన్లకి ఆ నేటివ్ మోడ్ తీశానో. ఫార్మాట్ చెయ్యాలి అన్నోళ్ల మాట మీద కోపమొస్తోంది నాకు. బయోస్ పాస్‌వర్డ్‌కీ ఫార్మాట్‌కీ సంబంధమే లేదు. డిస్కు మొత్తం తుడిచేసినా ఆ పాస్‌వర్డ్ అట్టానే అడుగుద్ది.

మార్కాపురం_మాస్టారు

ఒక సందేహం నివృత్తి చేయగలరా? మా ఇంట్లోనూ ఒక పాత ఏసర్ ల్యాప్‌టాప్ ఉంది. అది ఆన్ చేయగానే, విండోస్ రాకముందే పాస్‌వర్డ్ అడుగుతుంది. అడిగే చోట హార్డ్ డిస్కు మోడల్ పేరు కూడా కనిపిస్తుంది. అందులో మా అమ్మాయి పెళ్లి ఫోటోలున్నాయి. మా అల్లుడు డిస్కు తీసి తన ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాడు, అక్కడా తెరుచుకోలేదు. మీ మాటల ప్రకారం ఈ పాస్‌వర్డ్‌కీ డిస్కుకీ సంబంధం లేదు గనక డిస్కు తీస్తే డేటా రావాలి కదా?

కావలి_టు_చెన్నై

మాస్టారూ, మీది వేరే తాళం. ఇక్కడ అందరూ బయోస్ పాస్‌వర్డ్ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ లోపల మూడున్నాయి.

ఎఫ్10, ఎఫ్2, డిలీట్ లాంటివి నొక్కినప్పుడు సెట్టింగుల గడప దగ్గర ఆపేది సూపర్‌వైజర్ పాస్‌వర్డ్. కొన్నిట్లో అడ్మినిస్ట్రేటర్ అనో, సెటప్ అనో ఉంటుంది. విడవలూరు తమ్ముడిది ఇదే. ఆన్ చేయగానే మెషీన్‌ని ముందుకు పోనివ్వకుండా ఆపేది పవర్ ఆన్ పాస్‌వర్డ్. ఈ రెండూ బోర్డుకు సంబంధించినవి, డిస్కుని ముట్టుకోవు. గేటుకు తాళం పడింది గానీ ధాన్యం గాదెకు పడలేదన్నమాట. డిస్కు బయటికి తీస్తే చదువుకోవచ్చు.

మూడోది హార్డ్ డిస్కు పాస్‌వర్డ్. ఇది బోర్డులో ఉండదు, డిస్కు తన లోపలే రాసుకుంటుంది. ఏ మెషీన్‌కి తగిలించినా పాస్‌వర్డ్ ఇచ్చేదాకా ఆ డిస్కు ఒక్క సెక్టారు కూడా చదవనివ్వదు. వరసగా 5 సార్లు తప్పు ఇస్తే, కరెంటు తీసి మళ్లీ ఇచ్చేదాకా ఇంకో ప్రయత్నానికి కూడా ఒప్పుకోదు. డిస్కు పేరు చూపించి అడుగుతోందంటే మీది ఇదేనని దాదాపు ఖాయం. ఇందులో యూజర్, మాస్టర్ అని రెండు పాస్‌వర్డులుంటాయి. భద్రత 'హై'లో పెట్టి ఉండి, మాస్టర్ పాస్‌వర్డ్ తెలిస్తే తెరుచుకుంటుంది. 'మ్యాగ్జిమమ్'లో పెట్టి ఉంటే మాస్టర్‌తో చేయగలిగింది మొత్తం చెరిపేయడం ఒక్కటే.

కాబట్టి మాస్టారూ, ఎవరైనా "బయోస్ రీసెట్ చేసి మీ ఫోటోలు తీసిస్తాం" అంటే నమ్మకండి. బోర్డుకి ఏం చేసినా మీ డిస్కు తెరుచుకోదు. చేయాల్సిన పని ఇంట్లోనే ఉంది. ఆ ల్యాప్‌టాప్ వాడినవాళ్లందర్నీ కూర్చోబెట్టి అప్పట్లో వాడిన పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాయించండి. పాత బండి నంబరు, ఇంటి ఫోను నంబరు, పిల్లల ముద్దుపేర్లు, అన్నీ. క్యాప్స్ లాక్ పడి ఉన్నప్పుడు పెట్టారేమో, అదీ చూడండి. కంగారు లేదు, డిస్కు ఎక్కడికీ పోదు.

మార్కాపురం_మాస్టారు

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదమ్మా. ఒకాయన ఫోటోలు తీసిస్తానని డబ్బు అడిగాడు. ఇక ఇవ్వను. అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేశాను, ఆ రోజుల్లో వాడిన పేర్లు గుర్తు చేసుకుంటోంది.

కందుకూరు_సెకండ్స్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ తీసుకున్నా. విండోస్ బాగానే నడుస్తోంది. లైనక్స్ వేద్దామని ఎఫ్1 నొక్కితే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగింది. పెన్ డ్రైవ్ నుంచి బూట్ కాకుండా ఆపేశారు. అమ్మినాయన్ని అడిగితే "వాడుకోవడానికి ఇబ్బందేం లేదు కదా సార్" అంటున్నాడు. దీన్ని తియ్యొచ్చా?

స్క్రూడ్రైవర్_నెల్లూరు

బిల్లు ఇచ్చాడా అన్నా?

కందుకూరు_సెకండ్స్

చిన్న చీటీ మీద మోడల్ పేరు, రేటు రాసి స్టాంపు కొట్టి ఇచ్చాడు.

స్క్రూడ్రైవర్_నెల్లూరు

అయితే ఆ చీటీ పట్టుకోని పినాకినీ రైలు ఎక్కు. తిరిగిచ్చేసెయ్, లేదా పాస్‌వర్డ్ లేని ఇంకో పీసు తీసుకో. నేను నా కస్టమర్లకైనా ఇదే చెప్తా.

థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే కంపెనీ తన మాన్యువల్‌లోనే రాసేసింది, మదర్‌బోర్డు మార్చడం తప్ప దారి లేదని. బజార్లో కొంతమంది ఆన్ చేసే సమయంలో చిప్పు కాళ్లు రెండు కలిపి షార్ట్ చేస్తారు. అది రెప్పపాటు లెక్క. వేళ కొంచెం తప్పినా చిప్పులో రాత చెడిపోయి మొత్తం బోర్డు పోద్ది. ఇరవై వేల మెషీన్‌ని ఆ పందెంలో పెట్టడం నాకిష్టం లేదు.

ఇంకోటుంది. కంపెనీలు లీజు అయిపోయాక ల్యాప్‌టాప్‌లు లాట్లు లాట్లుగా అమ్ముతాయి, అందులో తప్పులేదు. సక్రమంగా వదిలించుకున్న కంపెనీ పాస్‌వర్డ్ తీసే ఇస్తది. పాస్‌వర్డ్ ఉందంటే ఐటీ వాళ్లు మరిచిపోయుండొచ్చు, లేదా ఆ మెషీన్ యాడ్నుంచో ఎత్తుకొచ్చిందై ఉండొచ్చు. నీకూ నాకూ తెలీదు. ఎవురో పోగొట్టుకున్న మెషీన్ అయితే దాని తాళం పగలగొట్టిన పాపం మనకెందుకు? నా షాపుకి ఇట్టాంటిది వస్తే బిల్లు, ఆధార్ చూడకుండా ముట్టుకోను.

ఒంగోలు_ట్రిపుల్ఐటీ

కందుకూరు అన్నా, అన్న చెప్పింది నిజం. దీనికి తోడు బయోస్‌లో కంప్యూట్రేస్ ఆన్ చేసి ఉందేమో కూడా అనుమానించాలి. ఆబ్సల్యూట్ అనే కంపెనీది. కంపెనీ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లోనే ఉంటుంది, విండోస్ మళ్లీ ఎక్కించినా, డిస్కు మార్చినా తిరిగి వచ్చేస్తుంది. పాత ఓనరు మెషీన్ పోయిందని నమోదు చేసి ఉంటే, నువ్వు నెట్‌కి కలిపినప్పుడు అటువైపు తెలుస్తుంది.

నాదో డౌట్. మా సీనియర్ దగ్గర డెల్ లాటిట్యూడ్ ఉంది. పాస్‌వర్డ్ అడిగే చోట సర్వీస్ ట్యాగ్ (డెల్ వాళ్ల సీరియల్ నంబరు), దాని పక్కన గీత, 595బీ అని వస్తోంది. మెషీన్ వాళ్ల అన్నదే, బిల్లు ఉంది. నెట్‌లో చూస్తే ట్యాగ్ కొడితే పాస్‌వర్డ్ ఇచ్చే పేజీలున్నాయి. అవి నిజమేనా?

కావలి_టు_చెన్నై

బిల్లుంటే ముందు డెల్ సపోర్టునే అడగమను. ఓనర్‌షిప్ రుజువు చూపిస్తే వాళ్లే అన్‌లాక్ పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి ఉంది. మెషీన్ వేరే పేరు మీద ఉంటే ముందు ఓనర్‌షిప్ మార్పించుకోవాలి, దానికి డెల్ సైట్‌లోనే ఫారం ఉంటుంది.

ఆ పేజీల గురించి అడిగావు కదా, విడవలూరు తమ్ముడికి పనికొచ్చేదీ అదే, ఇద్దరికీ కలిపి చెబుతాను. ట్యాగ్ చివర వచ్చే ఆ నాలుగక్షరాలు ఏ తరం పద్ధతి వాడారో చెబుతాయి. 595బీ పాతది. దాని తర్వాత 2ఏ7బీ, 1ఎఫ్66, 6ఎఫ్ఎఫ్1 ఇలా మారుతూ వచ్చాయి. పాతవాటి లెక్క చాలా ఏళ్ల క్రితమే బయటపడింది. బయోస్-పీడబ్ల్యూ డాట్ ఆర్గ్ అనే పేజీ ఆ లెక్కనే చేస్తుంది. డబ్బు అడగదు, ఏదీ డౌన్‌లోడ్ చేయమనదు. అదే పేరుతో ఈఎక్స్ఈ ఫైలు దించుకోమని అడిగే సైట్ల జోలికి మాత్రం పోవద్దు.

తమ్ముడూ, నీ ఐదంకెల కోడ్ గురించి. ఫీనిక్స్ అనే కంపెనీ బయోస్ వాడిన పాత కాంపాక్, హెచ్‌పీ మెషీన్లు నువ్వు పెట్టిన పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోవు. దాన్నుంచి ఒక 16 బిట్ల చెక్‌సమ్ లెక్కగట్టి, దాన్ని దాచుకుంటాయి. మూడుసార్లు తప్పితే చూపించేది ఆ చెక్‌సమ్‌నే. 16 బిట్లు కాబట్టి 0 నుంచి 65535 దాకా, మొత్తం 65,536 రకాలే ఉంటాయి. నీ స్క్రీన్ మీద అంకె 65535 దాటదు, కావాలంటే చూసుకో. లోకంలో పెట్టగల పాస్‌వర్డులు కోట్లు, చెక్‌సమ్‌లు 65 వేలు. అంటే ఒకే చెక్‌సమ్ వచ్చే పాస్‌వర్డులు బోలెడుంటాయి. ఆ పేజీ చేసేది, నీ అంకెకు సరిపోయే ఏదో ఒక పదం వెతికిపెట్టడం. కువైట్ అబ్బాయి ఏం పెట్టాడో దానికి తెలియదు, తెలియనక్కర్లేదు. అర్థంపర్థం లేని చిన్నక్షరాల పదం ఏదో ఇస్తుంది. మెషీన్ దాని చెక్‌సమ్ కట్టి చూసి, సరిపోయింది కదా అని లోపలికి పోనిస్తుంది.

ఒకటికి మించి పదాలు చూపిస్తుంది, కంపెనీని బట్టి లెక్క కొద్దిగా మారుతుంది గనక. హెచ్‌పీ, కాంపాక్ అని ఉన్నది ముందు కొట్టు, తర్వాత మిగతావి. మూడు తప్పితే మెషీన్ ఆగిపోతుంది, అంతే. ఆపి మళ్లీ ఆన్ చేసుకో.

కానీ దయచేసి ఇది రెండో పనిగా పెట్టుకో. మొదటి పని డిస్కు బయటికి తీసి లెక్కలు కాపీ చేసుకోవడం. అది 2009 నాటి డిస్కు. ఎన్నిసార్లు ఆన్ చేస్తే అంత అరుగుతుంది. పాస్‌వర్డ్ ఎప్పుడైనా చూసుకోవచ్చు.

స్క్రూడ్రైవర్_నెల్లూరు

డిస్కు తియ్యడం నేను చెప్తా, రాసుకో తమ్ముడూ. నెల్లూరు దాకా రానక్కర్లేదు, ఇంట్లోనే చెయ్యొచ్చు.

ఛార్జర్ పీకెయ్. అడుగున పెద్ద బ్యాటరీ గొళ్లెం జరిపి తీసెయ్. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోద్ది. ల్యాప్‌టాప్ బోర్లా పెడితే ఒక మూల చిన్న మూత ఉంటది, దాని మీద డిస్కు బొమ్మ గుండ్రంగా చెక్కుంటది. నక్షత్రం స్క్రూడ్రైవర్ చిన్నది తీసుకో. స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడుగు, తీసింది తీసినట్టు కాగితం మీద వరసగా పెట్టుకో. మూత తీస్తే ఇనపరేకు ఫ్రేములో డిస్కు కనబడుద్ది. పక్కకి మెల్లగా జరిపితే కనెక్టర్ నుంచి ఊడొస్తది. పైకి లాగొద్దు, పిన్నులు వంగుతాయి.

చెరువుల దగ్గర వాడిన మెషీన్ గదా, ఉప్పుగాలికి ఆ పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుం పట్టుంటది, చూసుకో. ఉంటే నీళ్లు తగలనివ్వొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క దూదికి అద్ది, తుడిచి ఆరనియ్.

తర్వాత సాటా టు యూఎస్‌బీ కేసు ఒకటి తెచ్చుకో, రెండున్నర అంగుళాల డిస్కుకి అని అడుగు. పాత డిస్కులు 9.5 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, ఇప్పుడొచ్చే కేసులు కొన్ని 7కే చేస్తున్నారు. మూత పడదు, చూసి కొను. యూఎస్‌బీ మూతులు రెండున్న వైరైతే ఇంకా మంచిది, పాత డిస్కులు కరెంటు ఎక్కువ లాగుతాయి.

ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టినాక 'ఫార్మాట్ చెయ్యాలా' అని అడిగితే వద్దను. 'స్కాన్ చేసి బాగుచెయ్యాలా' అన్నా వద్దను. డాక్యుమెంట్స్ ఫోల్డరు అనుమతి లేదంటే కంటిన్యూ నొక్కు. కాసేపు పచ్చగా గీత నడిచి తెరుచుకుంటది. అది బయోస్ పాస్‌వర్డ్ కాదు, విండోస్ అనుమతి, భయపడొద్దు.

చెరువుగట్టు_విడవలూరు

టాలీ ఫోల్డరు ఎక్కడ వెతకాలన్నా?

స్క్రూడ్రైవర్_నెల్లూరు

సీ డ్రైవ్‌లో టాలీ పేరుతో ఫోల్డరు ఉంటది. దాంట్లో డేటా అని, దాంట్లో అంకెల పేర్లతో ఫోల్డర్లు. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ. డేటా ఫోల్డరు మొత్తం కాపీ చేసుకో, లోపలి ఫైళ్లు విడదియ్యొద్దు. డీ డ్రైవ్ కూడా చూడు, చాలామంది అక్కడ పెట్టేవోళ్లు.

కందుకూరు_సెకండ్స్

నేను ఇంకోలా ఆలోచిస్తున్నా. యూట్యూబ్‌లో సీహెచ్341ఏ ప్రోగ్రామర్ అనే చిన్న పరికరం చూశా. క్లిప్పు చిప్పుకి తగిలించి బయోస్ మళ్లీ రాసేస్తున్నారు. నాకు ఎలక్ట్రానిక్స్ కొంచెం వచ్చు. చెన్నై పోయి గొడవపడే బదులు ఇది చెయ్యకూడదా?

కావలి_టు_చెన్నై

ఆ పని నా చేతులతో చేస్తుంటాను కాబట్టి చెబుతున్నాను, మీ మెషీన్ మీద వద్దు. మొదటిది, స్క్రూడ్రైవర్ అన్న చెప్పినట్టు ఆ మెషీన్ ఎవరిదో తేలాలి. తేలినా, థింక్‌ప్యాడ్‌లో పాస్‌వర్డ్ ఆ బయోస్ చిప్పులోనే ఉంటుందన్న హామీ లేదు. పాత మోడళ్లలో విడి ఈఈప్రామ్‌లో ఉండేది.

సొంత మెషీన్ మీద చేసేవాళ్ల కోసం కూడా ఒక మాట. నల్లబోర్డు సీహెచ్341ఏ చాలావాటిలో డేటా కాళ్ల మీద 5 వోల్టులు వస్తుంది. చిప్పులేమో 3.3 వోల్టులవి, కొత్త మెషీన్లలో 1.8 వోల్టులవీ ఉంటాయి. మీటరు పెట్టి చూడకుండా తగిలించకూడదు. రాసేముందు చిప్పుని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చుకుని భద్రం చేసుకోవాలి. క్లిప్పు సరిగా పట్టకపోతే చదివిన ప్రతిసారీ వేరే ఫైలొస్తుంది. కంపెనీ సైట్ నుంచి దించిన ఫైలుని నేరుగా చిప్పులోకి తోయడం మహా పొరపాటు. సీరియల్ నంబరు, చాలా బోర్డుల్లో నెట్‌వర్క్ అడ్రసు, విండోస్ 8 తర్వాత వచ్చిన మెషీన్లలో విండోస్ కీ, అన్నీ ఆ చిప్పులోనే ఉంటాయి. అవన్నీ పోతాయి.

ఇంకా, కొత్త మెషీన్లలో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటుంది. బయోస్‌లో ఏం కదిపినా మర్నాడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్లోకి పోయి ఆ కీ రాసి పెట్టుకోకపోతే, తెరుచుకుని ఉన్న డేటాని మన చేతులతో మనమే మూసేసినట్టవుతుంది.

కందుకూరు_సెకండ్స్

సరే అక్కా. అమ్మినాయనకి ఫోన్ చేశా. మెషీన్ తెస్తే పాస్‌వర్డ్ లేనిది మార్చి ఇస్తానన్నాడు. ఈసారి కొనేముందు అక్కడే ఏమేం చూడాలి?

స్క్రూడ్రైవర్_నెల్లూరు

కౌంటర్ దగ్గరే ఆపి ఆన్ చేయించు. బయోస్ సెట్టింగుల్లోకి పోయి ఏదో ఒకటి మార్చి సేవ్ అవుతుందో లేదో చూడు. కొన్ని మెషీన్లు లోపలికి పోనిస్తాయి గానీ మార్చనివ్వవు, అన్నీ బూడిదరంగులో ఉంటాయి. పెన్ డ్రైవ్ పెట్టి దాన్నుంచి బూట్ చేసి చూడు. సెక్యూరిటీ పేజీలో కంప్యూట్రేస్ ఎట్టుందో చూడు. అడుగున స్టిక్కరు మీది సీరియలూ, బయోస్‌లో కనబడే సీరియలూ ఒకటే ఉండాల. బిల్లు మీద ఆ సీరియల్ రాయించుకో. రాయను అంటే పక్క షాపుకి పో.

చెరువుగట్టు_విడవలూరు

అన్నా, అక్కా, అందరికీ! డిస్కు తీశాం. పిన్నుల దగ్గర అన్న చెప్పినట్టే చిలుం ఉంది, తుడిచాం. మా చెల్లి ల్యాప్‌టాప్‌కి పెడితే డిస్కు కనబడింది. ఎక్సెల్ ఫైళ్లన్నీ ఉన్నాయి. నాన్న చెరువుకో షీటు పెట్టుకున్నారు, పట్టుబడి రోజున కౌంటు ఎంతో, కేజీకి రేటెంతో, ఐసు ఖర్చు, లారీ కిరాయి కూడా రాసుకున్నారు. పెదనాన్నని పిలిపించి ఇద్దరూ మంచం మీద కూర్చుని ఒక్కో షీటూ చదువుతున్నారు. 2011లో ఒక చెరువు తెల్లమచ్చ రోగం వచ్చి మొత్తం పోయింది, ఆ షీటు దగ్గర ఇద్దరూ చాలాసేపు ఆగారు. ఆ నష్టంలో ఎవరిదెంత అన్నదే ఇన్నాళ్లూ ఎవరూ తేల్చలేకపోయారు. అందులో నాన్న అప్పుడే సగం సగం అని రాసి పెట్టారు.

టాలీ డేటా ఫోల్డరు డీ డ్రైవ్‌లో దొరికింది. అన్నీ పెన్ డ్రైవ్‌లోకి, చెల్లి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను.

పొదిలి_నెట్‌సెంటర్

చాలా సంతోషం బ్రో. సెల్లు సంగతి నాకూ ఇప్పుడు అర్థమైంది. మా సెంటర్‌కి ల్యాప్‌టాప్‌లు తెచ్చేవాళ్లకి ఇకనుంచి ఇదే చెబుతా.

మార్కాపురం_మాస్టారు

నాయనా, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. మాకింకా దొరకలేదు. కాగితం మాత్రం నిండుతోంది, మా అమ్మాయి ఇంజనీరింగ్ హాల్ టికెట్ నంబరు దాకా వచ్చాం.

చెరువుగట్టు_విడవలూరు

తప్పకుండా చెబుతాను మాస్టారూ.

టాలీ డేటా చెల్లి దగ్గరున్న కొత్త టాలీలో తెరుచుకోవట్లేదు. పాత వెర్షన్ అంటోంది. అందుకని డిస్కు మళ్లీ కాంపాక్‌లో పెట్టి, అక్క చెప్పిన పేజీలో ఐదంకెలు కొట్టాను. హెచ్‌పీ, కాంపాక్ అన్న పదం కొడితే లోపలికి పోయింది! సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సాటా నేటివ్ మోడ్ ఎనేబుల్డ్ అనే ఉంది. డిజేబుల్ చేసి ఎఫ్10తో సేవ్ చేస్తే ఎక్స్‌పీ వచ్చేసింది. టాలీ కూడా తెరుచుకుంది. పాస్‌వర్డ్ తీసెయ్యాలంటే ఎలా?

కావలి_టు_చెన్నై

సెక్యూరిటీలో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ దగ్గరికి పో. ఇప్పటి పాస్‌వర్డ్ అడిగిన చోట నువ్వు కొట్టిన ఆ పదమే కొట్టు. కొత్తది అడిగిన రెండు గళ్లూ ఖాళీగా వదిలి ఎంటర్ నొక్కు. సేవ్ చేసి బయటికి రా.

ఆ మెషీన్‌ని నెట్‌కి మాత్రం కలపొద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. టాలీలో లెడ్జర్లు, డే బుక్కు ఒక్కొక్కటే తెరిచి ఆల్ట్, ఈ కలిపి నొక్కితే ఎక్సెల్‌లోకి ఎగుమతి అవుతాయి. ఖాళీ పెన్ డ్రైవ్ పెట్టి అందులోకి తీసుకో. దాన్ని చెల్లి ల్యాప్‌టాప్‌కి పెట్టాక ముందు యాంటీవైరస్‌తో చూసి అప్పుడు తెరువు.

స్క్రూడ్రైవర్_నెల్లూరు

ఎగుమతి అయ్యేదాకా ఛార్జర్ పీకబాకు తమ్ముడూ. సెల్లు చచ్చి ఉంది గదా, కరెంటు పోతే నేటివ్ మోడ్ మళ్లీ ఎనేబుల్ అయి నీలం తెర పడుద్ది. పడినా కంగారు లేదు, ఇప్పుడు పాస్‌వర్డ్ లేదు గనక లోపలికి పోయి మళ్లీ మార్చుకోవచ్చు. సెల్లు కొనేటప్పుడు ఉత్త సీఆర్2032 కాదు, రెండు వైర్లూ చిన్న ప్లగ్గూ ఉన్నది అడుగు. పాతది తీసి అదే ప్లగ్గు ఉందో లేదో పక్కన పెట్టి చూసుకో. ఉత్త సెల్లు మీద నేరుగా టంకం పెట్టమని ఎవురైనా అంటే వినొద్దు, వేడికి పేలుద్ది. దొరక్కపోతే ట్రంకు రోడ్డు వైపు వచ్చినప్పుడు పాత సెల్లు పట్టుకోని రా, నా దగ్గర రెండు రకాల ప్లగ్గులుండాయి.

చెరువుగట్టు_విడవలూరు

శనివారం మేతకి నెల్లూరు వస్తాను, అప్పుడు పట్టుకొస్తా అన్నా. పాస్‌వర్డ్ పోయింది. డే బుక్కు ఎగుమతి నడుస్తోంది.